ఉప్పును లెక్కపెట్టిన అక్క

నా చిన్నప్పుడు మా హుస్నాబాద్ దిక్కు ఊళ్లలో ఆడపిల్ల పరీక్ష తప్పితే ఒడిలోకి బీడీలు చుట్టే చాట వచ్చేది. మా అక్క ఏడో తరగతిలో లెక్కలు తప్పగానే బాపు బడి మాన్పించాడు. మూడేళ్లకు నేనూ అదే తరగతిలో, అదే లెక్కల్లో తప్పాను. బడి తెరిచాక ఇంకొక్కసారి రాయనిచ్చారు. ఈసారీ తప్పితే నీకూ చాట తెస్తానని బాపు ముందే చెప్పిపెట్టాడు.

పరీక్షకు ముందు రోజు సారు ఒక లెక్క ఇచ్చాడు. నాలుగు కిలోల నీళ్లలో కిలో ఉప్పు కలిపితే ఉప్పు ఎంత శాతం? ఇరవై ఐదని రాశాను. అడ్డంగా కొట్టేశాడు. ఇరవై అట. ఎట్లనో చెప్పమంటే పుస్తకం చూసుకోమన్నాడు. పుస్తకంలో ఒకచోట శాతమంటాడు, ఇంకోచోట లీటరుకు గ్రాములంటాడు. ఎన్నిసార్లు చేసినా నాకు ఇరవై ఐదే వచ్చింది. ఒళ్లు మండి నోటుబుక్కు వాకిట్లోకి విసిరికొట్టి ఏడ్చాను.

అప్పుడు అక్క వాకిట్లో వడ్ల విత్తనం ఏరడానికి కూర్చుంది. ఉప్పునీళ్లలో కోడిగుడ్డు తేలితే నీళ్లు కుదిరినట్టు. వాటిలో వడ్లు పోస్తే తాలు పైకొస్తుంది, గట్టి గింజ అడుగున నిలుస్తుంది. అక్క నోటుబుక్కు తీసి చూసింది. బకీటులో నాలుగు కిలోల నీళ్లు తూచి కిలో ఉప్పు కలిపి, బకీటును మళ్లీ తరాజుకు తగిలించమన్నది. ఖాళీ బకీటు బరువు పోను ఐదు కిలోలు తూగింది.

“నలుగురు తింటున్నకాడికి నువ్వొచ్చి కూసుంటే ఎంతమందైతరు?”

“ఐదుగురు.”

“మరి ఉప్పొచ్చి కూసున్నంక దాన్నెందుకు లెక్కవెడ్తలేవే?”

ఐదింటిలో ఒకటి. ఇరవై ఎట్లనో తెలిసింది. నా ఇరవై ఐదూ ఉత్తదేం కాదన్నది అక్క. ఉత్త నీళ్లతో పోలిస్తే అంతే, లీటరు నీళ్లకు రెండువందల యాభై గ్రాములు. “ఏ లెక్కయినా ముందుగాల ‘దేంట్ల’ అని అడుగు. ఉత్త నీళ్లల్లనా, కలిపినంకనా?” అని గుడ్డు వేసింది. తేలింది. గుడ్డుకు మా తిప్పలేం పట్టలేదు.

ఇంత తెలిసీ ఎట్ల తప్పినవని అడిగాను.

“గప్పుడు నాకెవ్వలు చెప్పలే. తప్పినంక ఇంట్ల కూసోని నేర్సుకున్న,” అని అక్క వడ్లు పోసింది.

మరునాడు పరీక్షలో లీటరు నీళ్లకు ఎన్ని గ్రాములని అడిగారు. శాతం రాయబోయి ఆగాను. ఫలితం వచ్చింది, గట్టెక్కాను. ఆ ముచ్చట చెప్పడానికి ఉరికొస్తే అక్క బీడీలకు తునికాకు కత్తిరిస్తున్నది. సంబురపడింది. నాకు మాత్రం ఎవరి మీదనో తెలియని కోపం వచ్చింది.

ఆ కోపం ఇంకా పోలేదు. ఇప్పటికీ ఎవరు ఏ అంకె చెప్పినా ‘దేంట్ల’ అని అడుగుతాను, మనుమలు విసుక్కుంటారు. నూటికి ఇంతమంది పిల్లలు పాసయ్యారని పేపర్లో వస్తుంది. ఏ నూటికి? నడుమనే బడి మానిన పిల్లలను కలిపారా? మా అక్కను ఏ నూరులోనూ ఎవ్వరూ లెక్కపెట్టలేదు.