స్వభావానికి కచ్చా కుట్టు

తప్పు నాదే. చేతులు కట్టేసి ఉన్న మనిషిని లోయలోకి తోసేసి, పైగా పకపకా నవ్వాను. నిజం మనిషి కాదు లెండి, ఆటలో మనిషి. అయినా మా టైలరత్త బల్ల దగ్గర ఆ తేడా పెద్దగా చెల్లదు. ఇక్కణ్ణుంచి నన్ను నేను మేనల్లుడనే పిలుచుకుంటాను. సిగ్గు కాస్త పలచబడుతుంది.

అత్తకి వారమంతా కుట్టుమిషనే లోకం. ఆదివారం మధ్యాహ్నం మాత్రం షాపు షట్టరు సగానికి దించి, గుడ్డ కత్తిరించే బల్ల మీద పీలికలన్నీ ఊడ్చేసి, సుద్దతో కొండలూ నదులూ గీస్తుంది. చుట్టూ ముగ్గురు కూర్చుంటారు: ఆసుపత్రి నర్సమ్మ, బస్సు నడిపే డ్రైవర్ బాబాయ్, మేనల్లుడు. కథ అత్త చెబుతుంది. ఆ కథలో బాబాయ్ కత్తి పట్టిన వీరుడు. నర్సమ్మ గాయాలు మాన్పే వైద్యురాలు. వారమంతా చేసే పనే ఏరికోరి ఎంచుకుంది. మేనల్లుడు దొంగ, వాడికి వేషం కూడా అక్కర్లేదని బాబాయ్ అభిప్రాయం. ఎవరేం చేస్తారో నోటితో చెబుతారు, అది పారుతుందో లేదో పాచికలు తేలుస్తాయి.

ఆ పాచికలకి అత్త తలా ఒక సంచి కుట్టిచ్చింది. దాని మీద మంచివాడికి తెల్లగుడ్డ, చెడ్డవాడికి నల్లగుడ్డ, ఎటూ కానివాడికి బూడిదరంగు ముక్క. ఎవరి రంగు వాళ్లే ఎంచుకోవాలి. కానీ ఆ ముక్కల్ని కచ్చా కుట్టుతోనే అతికించింది, లాగితే ఊడొచ్చేలా. ఒంటి మీద వేసి చూడకుండా గట్టికుట్టు వేసే టైలరు అడుక్కు తింటాడని ఆమె సిద్ధాంతం. మేనల్లుడు నల్లగుడ్డ అడిగి మరీ తీసుకున్నాడు. అదుంటే అడిగేవాడుండడని వాడి లెక్క.

ఆ ఆదివారం కనుమదారిలో శత్రువుల కాపలావాడు ఒకడు దొరికాడు. కత్తి పడేసి దణ్ణం పెట్టాడు, వాడి చేతులు కట్టేశారు. నీ ప్రాణానికి నాది పూచీ అని నర్సమ్మ మాటిచ్చింది. వదిలేస్తే వెళ్లి వాళ్ల దండుకి చెబుతాడు. వెంట తీసుకెళ్తే తాగడానికి నీళ్లు చాలవు. బాబాయ్, నర్సమ్మ తర్జనభర్జన పడుతున్నారు. అత్తకి అలాంటి చిక్కుముళ్లంటే ప్రాణం. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వింటోంది. మేనల్లుడికి విసుగెత్తింది. తన దొంగ వాణ్ణి తోసేశాడని చెప్పి పాచికలు వేశాడు. పారాయి. ఇదేం పనని బాబాయ్ అడిగితే సంచి పైకెత్తి చూపించాడు.

"నేనేం చెయ్యను బాబాయ్? మావాడి స్వభావమే అంత."

నర్సమ్మ లేచింది. తన సంచి బల్ల మీద పెట్టి, షట్టరు కింద నుంచి వంగి వెళ్లిపోయింది. తర్వాతి ఆదివారం రాలేదు.

బాబాయ్ సులువు చెప్పాడు: అదంతా కల అని ఒక్క ముక్క చెప్పేస్తే కాపలావాడూ బతికొస్తాడు, నర్సమ్మా తిరిగొస్తుంది. అత్త ఒప్పుకోలేదు. కత్తిరించిన గుడ్డని కత్తిరించలేదని చెప్పి ఏ గిరాకీనీ నమ్మించలేమంది. అలాగని నర్సమ్మని వదులుకునే ఉద్దేశమూ లేదు. నలుగురి బల్ల ముగ్గురిదైతే, రేపు ఇద్దరిదవుతుంది, ఎల్లుండికి అది ఉత్త గుడ్డలబల్లే. ఇక బతుకంతా అంచులూ కాజాలే. అది జరగనివ్వకూడదని భీష్మించుకు కూర్చుంది. అంచులు మడుస్తూ ఆలోచించింది, కాజాలు కుడుతూ ఆలోచించింది. ఒక పెద్దమనిషి ప్యాంటుకి రెండు కాళ్లూ ఒకే పక్కవి కుట్టేసి, వాటిని విప్పుతూ కూడా అదే ఆలోచించింది.

సాయంత్రం డ్యూటీ దిగే వేళకి వెళ్లి ఆసుపత్రి గేటు దగ్గర నిలబడింది. మొదట నర్సమ్మ, ఆటే కదా అని కొట్టిపారేసింది. అత్త కదల్లేదు. ఒక బస్సు పోయింది, ఇంకొకటీ పోయింది.

"పొద్దస్తమానం వార్డులో తగ్గిపోతుందమ్మా, తగ్గిపోతుంది అని మాటిస్తూనే ఉంటానక్కా," అంది నర్సమ్మ చివరికి. "అందులో ఎన్ని నిలబడతాయో నీకు తెలీదు. ఆదివారం ఇచ్చిన మాటైనా నిలుస్తుందనుకున్నా."

అయినా అత్త మెత్తబడలేదు.

"చచ్చినవాణ్ణి నేను తేలేను. వాడి చావుని మాత్రం ఊరికే పోనివ్వను. అది చూడ్డానికైనా రా."

నర్సమ్మ వచ్చింది. సంచి మాత్రం ముట్టుకోలేదు. అత్త కనుమకి అవతల సుద్దతో ఒక గుడిసె గీసింది. ముగ్గురూ నోరెండిపోయి అక్కడికి చేరారు. లోపలున్న ఆడమనిషి అడక్కుండానే నీళ్లిచ్చింది. తర్వాత, కనుమ మీదుగానే వచ్చారు కదా, మా తమ్ముడు అక్కడే కాపలా ఉంటాడు, కనిపించాడా అని అడిగింది. చూపు తిన్నగా దొంగ మీదే నిలిపింది. మేనల్లుడు పాచికల కోసం సంచిలో చెయ్యి పెట్టాడు. అబద్ధం అతికేలా చెప్పడంలో వాడి దొంగని మించినవాడు లేడు.

"పాచికలు లోపలే ఉంచు," అంది అత్త. "ఆవిడ అడిగింది నిన్ను."

మేనల్లుడు ఒక జోకు వేశాడు. ఎవరూ నవ్వలేదు. రెండోది వేయబోయి మింగేశాడు. నర్సమ్మ ఆ రోజు మొదటిసారి తలెత్తి వాడి మొహంలోకి చూసింది.

"నేనే తోశాను," అన్నాడు దొంగ. "చేతులు కట్టేసి ఉన్నాయి. చంపబోమని ఈవిడ మాట కూడా ఇచ్చింది. అయినా తోసేశాను."

కాపలావాడి అక్క ఏం చేసిందో అత్త నెమ్మదిగా చెప్పింది. తిట్టలేదు, కొట్టలేదు. తమ్ముణ్ణి లోయలోంచి పైకి తెచ్చుకోవాలి కదా, తాడు వెతుక్కుంటూ లోపలికి వెళ్లింది. నర్సమ్మ చెయ్యి చాచి తన సంచిని దగ్గరికి లాక్కుంది. తన వైద్యురాలు ఆవిడ వెంట వెళ్తుందంది. తాడు రెండో కొస తన వీరుడు పట్టుకుంటాడన్నాడు బాబాయ్.

మేనల్లుడికి మాత్రం కుదురు లేదు. అంత నిజం చెప్పాడు కదా, మావాడిప్పుడు మంచివాడైనట్టేనా అత్తా అని అడిగాడు.

అత్త లోయని ఇంకాస్త లోతుగా గీస్తూ, తలెత్తకుండానే అంది:

"మంచివాడో చెడ్డవాడో తర్వాత చూద్దాంగానీ, ముందు లోయలోకి దిగేదెవడ్రా?"