మామ్మగారి తోడు

మా పై అంతస్తు మామ్మగారు పోయారు. బుధవారం పొద్దున నేను ల్యాబ్‌కి బయల్దేరుతుంటే వాళ్ళమ్మాయి ఫోన్ చేసి, "అమ్మ నిద్రలోనే వెళ్ళిపోయిందే" అంది. ఎనభై ఆరేళ్ళు. ముందు రోజు కూడా పెరుగన్నం తిని గిన్నె తనే కడుక్కున్నారట. ఆవిడ నాకు బంధువేమీ కాదు. దేశం కాని దేశంలో, ప్లెయిన్స్‌బరో ఊళ్ళో ఈ అపార్ట్‌మెంట్లలో మేం కింద, వాళ్ళు పైన, అంతే. అయినా ఏడుపు ఆగలేదు. కారు తాళాలు చేతిలో పట్టుకునే మెట్లెక్కాను.

డెబ్భై తొమ్మిదో ఏట కూతురి దగ్గరికి వస్తూ ఆవిడ స్టీలు డబ్బాలో ఇంటి పెరుగు తెచ్చుకున్నారు. విమానాలు మారినంతసేపూ డబ్బా ఒళ్ళోనే ఉందట. ఇక్కడి దుకాణంలో పెరుగంటే అడుగున పండ్ల ముక్కలు, పైనంతా తీపి. ఒక చెంచా రుచి చూసి, "ఇది పెరుగో పాయసమో ముందు తేల్చుకోమను" అన్నారు. నెల తిరక్కుండానే కాంప్లెక్స్‌లో తెలుగువాళ్ళందరి ఫ్రిజ్‌లలోనూ ఆవిడ తోడే. అడుగున చెంచాడు మిగల్చకుండా తినేసి మళ్ళీ తోడుకొచ్చే వాళ్ళకి మాత్రం చీవాట్లు తప్పేవి కావు. "అంతా ఊడ్చుకు తింటే రేపు దేంతో తోడు పెడతావే?" అనేవారు. ఆ చీవాట్లు అందరికంటే ఎక్కువ తిన్నది నేనే.

దీపాలు పెట్టాక తోడు ఇవ్వకూడదని ఆవిడ పట్టింపు. డిసెంబర్‌లో ఇక్కడ నాలుగున్నరకే చీకటి. నేను పని నుంచి వచ్చేసరికి ఏడు. మొదటిసారి ఖాళీ గిన్నెతో గుమ్మంలో నిలబడితే ఆవిడ కిటికీ వైపు చూశారు, నా మొహం చూశారు, గోడ గడియారం చూసి వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నారు.

"మనూళ్ళో తెల్లారిందిలే, పట్టుకెళ్ళు" అన్నారు.

నా ఉద్యోగం ఎలుకలతో. పేగుల్లో ఉండే బాక్టీరియాకీ ముసలితనానికీ సంబంధం ఏమిటని మా ల్యాబ్‌లో వెతుకుతుంటాం. వయసు పైబడితే పేగుల్లో ఉండేవి మారిపోతాయి. వయసు వల్ల అవి మారుతున్నాయా, అవి మారడం వల్లే వయసు మీద పడుతోందా? మా ప్రొఫెసర్ గారికీ తెలియదు, నాకూ తెలియదు. పెరుగు తింటే ఎక్కువ కాలం బతుకుతారని వెనకటికో శాస్త్రవేత్త నమ్మాడని ఒకసారి మామ్మగారికి చెప్పాను. "ఆ మాట వాళ్ళావిడ చెప్పుంటుంది" అన్నారు.

ఎనభై రెండో ఏట చలికాలంలో ఆవిడకి నెమ్ము చేసింది. ఆసుపత్రిలో గట్టి యాంటీబయాటిక్స్ ఇచ్చారు. నెమ్ము తగ్గింది కానీ కడుపు పాడైంది. ఏం తిన్నా ఇమిడేది కాదు. ఇంటికి తెచ్చేసరికి పదేళ్ళు పైబడినట్టున్నారు, గోడ పట్టుకుని నడిచేవారు. ఈ హడావుడిలో వాళ్ళల్లుడు ఫ్రిజ్ శుభ్రం చేస్తూ, పుల్లటి వాసన వస్తోందని స్టీలు డబ్బాలో పెరుగు పారబోశాడు. ఆవిడ కోప్పడలేదు. "నాతో వచ్చింది, నాకంటే ముందే పోయింది" అని గోడ వైపు తిరిగి పడుకున్నారు. ఆ రోజు ఇంకేమీ ముట్టుకోలేదు.

నాకు భయమేసింది. తిండి మీద ధ్యాస పోయిన ముసలి ఎలుకలు ఎన్నాళ్ళుంటాయో నాకు తెలుసు. కిందికి పరిగెత్తి ఫ్రిజ్ తెరిచాను. గిన్నె అడుగున చెంచాడు పెరుగుంది. ఆవిడ చీవాట్ల పుణ్యమా అని జన్మకోసారి మిగిల్చాను. పాలు గోరువెచ్చగా కాచి తోడు పెట్టి, వెచ్చదనం కోసం అవెన్‌లో లైటు వేసి అందులో ఉంచాను. మర్నాడు డాక్టర్‌ని అడిగితే కొంచెం కొంచెంగా పెట్టి చూడమన్నారు. పైకి పట్టుకెళ్ళేసరికి చీకటి పడింది.

"దీపాలు పెట్టాక ఎందుకు తెచ్చావే?" అన్నారు నీరసంగా.

"మనూళ్ళో తెల్లారింది మామ్మగారూ."

ఆవిడ నోరు తెరిచారు. చప్పరించి, కాసేపు కళ్ళు మూసుకుని, "ఇది నాదే" అన్నారు. ఇంకో చెంచా అడిగారు.

పెరుగు వల్లే కోలుకున్నారని నేను అనను. మందులూ ఉన్నాయి, కూతురి సేవా ఉంది. ఎలుకల్ని లెక్కపెట్టే దాన్ని, ఒక్క మామ్మగారిని చూసి తీర్పు చెప్పకూడదు. కానీ మంచు కరిగాక ఆవిడ మెట్లు దిగి మా ఇంటికొచ్చారు. మా ప్రొఫెసర్ గారి ప్రశ్న ఆవిడనే అడిగాను, మనుషులు ఎందుకు ముసలివాళ్ళవుతారు అని. "పాలు ఎల్లకాలం పాలలాగే ఉంటాయా అమ్మడూ? ఊరికే వదిలేస్తే విరిగిపోతాయి. తోడు పడితే పెరుగవుతాయి" అన్నారు. మా ల్యాబ్‌లో తోడుని స్టార్టర్ అంటారు. ఆ మాట నాకు ఇప్పటికీ చప్పగానే వినిపిస్తుంది.

ఆ తర్వాత ఆవిడ ఇన్నేళ్ళు మా నెత్తిమీద తిరుగుతూ ఉండటం మా అదృష్టం. కన్నవాళ్ళెవరూ దగ్గర లేని చోట నన్ను కేకలేసే మనిషి ఒకరున్నారు. అంతకంటే ఏం కావాలి?

బుధవారం సాయంత్రం పై నుంచి వచ్చి కూర్చున్నాను. తలుపు చప్పుడైంది. పక్క బిల్డింగ్‌లోకి కొత్తగా వచ్చిన వరంగల్ అమ్మాయి, చేతిలో గిన్నె. పైన జరిగింది తనకింకా తెలియదు.

"అక్కా, జర తోడు ఉంటదా? మొత్తం తినేసినం."

నా గిన్నెలో రెండు చెంచాల పెరుగే ఉంది. ఒకటి ఆ పిల్ల గిన్నెలో వేయబోతుంటే, "చీకటి పడ్డంక ఇయ్యద్దంటది మా అమ్మ. రేపు రానా?" అంది.

కిటికీ బయట మంచు పడుతోంది. పైన అడుగుల చప్పుడు లేదు. గోడ గడియారం చూసి వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను.

"మనూళ్ళో తెల్లారింది, పట్టుకెళ్ళు" అన్నాను.

ఆ పిల్ల నవ్వి, గిన్నె మీద అరచెయ్యి మూసుకుని, మంచులో జారకుండా ఒక్కో అడుగే వేసుకుంటూ వెళ్ళింది.