దోసె పెనంతో తేల్చిన లెక్క

ముత్తుకూరు దగ్గర ఒక వంటనూనె ఫ్యాక్టరీలో ఎలక్ట్రికల్ మెయింటెనెన్సులో చేరి అప్పటికి నాకు నాలుగు నెలలు. కరెంటు ప్యానెళ్ళ లోపల జాయింట్లు వేడెక్కుతున్నాయేమో నెలకోసారి చూడటం నా పని. లోపల ప్రాణం తీసే కరెంటు ఉంటుంది కాబట్టి తలుపు తీయకూడదు. ఆ తలుపుకే అరచేతంత గుండ్రటి కిటికీ ఉంటుంది. అందులో ఉండేది మామూలు గాజు కాదు, వేడిని బయటికి వదిలే ఒక రకం స్ఫటికం. దాని ముందు థర్మల్ కెమెరా పెడితే లోపలి వేడి ఎంతో తెలుస్తుంది.

మూడో ప్యానెల్ కిటికీ నేను చేరకముందే పగిలిందట. కొత్తది రావడానికి చాలా వారాలు పడుతుందని, మా మేనేజరు సారు నెల్లూరు నుంచి అక్రిలిక్ అనే పారదర్శక ప్లాస్టిక్ షీటు తెప్పించి, గుండ్రంగా కోయించి, నాలుగు స్క్రూలతో బిగించేశారు. ఆనాటి నుంచి అంత ఆరోగ్యంగా ఉన్న ప్యానెల్ జిల్లాలో ఇంకోటి లేదు. మిగతావి అరవై, డెబ్బై డిగ్రీలు చూపిస్తుంటే అది ముప్పై ఆరు దగ్గర ప్రశాంతంగా ఉండేది. సారు మీటింగుల్లో దాన్ని బుద్ధిమంతుడైన కొడుకులా పొగిడేవారు.

మొదటి మూడు నెలలూ నేనూ ఆ లెక్కల కింద సంతకం పెట్టాను. నాలుగో నెలలో, మే ఎండల్లో, చెమటలు తుడుచుకుంటుంటే తట్టింది. నా ఒళ్ళే ముప్పై ఏడు డిగ్రీలు. వందల ఆంపియర్లు మోసే రాగి కమ్మీ నాకంటే చల్లగా ఎలా ఉంది?

సారును అడిగాను.

"ఏందమ్మా నువ్వు! ఆ షీట్లోంచి లోపలంతా అద్దంలా కనపడతా ఉండాది గదా. వెలుతురు వచ్చే దోవలో వేడి రాదా?"

రాదని పుస్తకంలో చదివాను. సారు పుస్తకాలను నమ్మరు. కళ్ళకు చూపించాలంటే ఆ షీటు గుండా ఎంత వేడి దాటుతుందో కొలవాలి. స్టోరులో మిగిలిన ముక్క దొరికింది. ఇక కావలసింది బాగా వేడెక్కే నల్లటి వస్తువు. ముప్పై ఏళ్ళ దోసెలతో బొగ్గులా నల్లబడిన ఇనుప పెనం మా ఇంట్లో ఉంది. ఉన్నది మా అత్తగారి అధీనంలో.

"ఫ్యాక్టరీలో పెనం దేనికి? దోసెలు పోస్తావా ఆడ?" అన్నారామె.

"కాదత్తా, వేడి కొలవాల."

"ఇంట్లో పోస్తే కొలవలేవా? సబ్బు తగిలిందంటే మాత్రం మీ పుట్టింటి నుంచి కొత్తది తెప్పిస్తా, చూసుకో."

కంపెనీ బస్సులో పెనాన్ని ఒళ్ళో పెట్టుకుని వెళ్ళాను. గేటు దగ్గర సెక్యూరిటీ అతను దాన్ని తిప్పి తిప్పి చూసి, "మేడం, క్యాంటీన్ సామానుకు వెనక గేటు" అన్నాడు.

వర్క్‌షాపులో టీ కాచే కరెంటు స్టవ్ మీద పెనం పెట్టి, ఉష్ణోగ్రత చూపే తీగ అంటించి, నూట యాభై డిగ్రీల దగ్గర నిలిపాను. కెమెరా నేరుగా చూస్తే నూట నలభై ఎనిమిది చూపింది. మధ్యలో షీటు ముక్క పట్టుకున్నాను. ముప్పై తొమ్మిది!

"బ్యాటరీ అయిపోయినట్టుండాది," అన్నారు సారు. బ్యాటరీ మార్చాం. ముప్పై తొమ్మిదే.

కాగితం మీద లెక్క వేశాను. ప్రతి ఉష్ణోగ్రతకూ రెండు వందల డెబ్బై మూడు కలిపి, దాన్ని దానితోనే నాలుగుసార్లు వేసి హెచ్చించాలి. ముప్పై ఐదు డిగ్రీల గది వేడికి షీటు తనంతట తాను ఇచ్చే వాటాను రెండు లెక్కల్లోంచీ తీసేయాలి. షీటు ఉన్నప్పుడు మిగిలినదాన్ని షీటు లేనప్పుడు మిగిలినదానితో భాగించాలి. షీటు దాటి వచ్చే వేడి వందకి రెండు పాళ్ళేనని తేలింది. ఇన్నాళ్ళూ మేం పొగిడింది ప్లాస్టిక్ బిళ్ళ ఆరోగ్యాన్ని.

సారు కాగితం తన వైపు తిప్పుకున్నారు. "రెండు శాతం వస్తా ఉండాది గదా. యాభైతో గుణించు, సరిపోద్ది."

కెమెరా ఒక్క డిగ్రీ తప్పితే లోపలి జాయింటు డెబ్బై కావచ్చు, నూట ముప్పై కావచ్చు అని చెప్పాను.

"అయితే డెబ్బై రాయి."

"రాయను సార్. సంతకం కూడా పెట్టను. తలుపు తెరిచి చూడాల."

అప్పటికి నా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. సారు రెండు రోజులు నన్ను తప్పించుకు తిరిగారు. మూడో రోజు ఉదయం వచ్చి, "ఆదివారం కరెంటు ఆపుతున్నాం. రా," అన్నారు, నా వైపు చూడకుండా.

ఆదివారం పది గంటలకు తలుపు తెరిచాం. మధ్య జాయింటు బోల్టు వేలితో తిప్పితే తిరిగింది. రాగి నీలంగా మాడి ఉంది. పక్కన రబ్బరు తొడుగు కరిగి కారింది. సారు చాలాసేపు వంగి చూశారు. తర్వాత మెల్లగా, "ఇంకో నెల ఆగుంటే పేలిపొయ్యేదమ్మా," అన్నారు.

బోల్టు బిగించి, కొత్త స్ఫటికానికి ఆ రోజే ఆర్డరు పెట్టించారు. మేనేజరు ముందుచూపు వల్ల ప్రమాదం తప్పిందని రిపోర్టు వెళ్ళింది. అందులో నా ఊసు లేదు. చదివి గట్టిగా నవ్వాను. తిరుగు బస్సులో కూర్చున్నాక మాత్రం నవ్వు ఆగిపోయింది. మూడు నెలల పాటు ఆ తలుపుకు జానెడు దూరంలో ముఖం పెట్టి, అంతా చల్లగా ఉందని రాసుకుంటూ నిలబడింది నేనే.