ఏడో సైజు బూట్లు, విజయనగరం దండ

మొన్న మా అమ్మాయిని స్కూలు బస్సు ఎక్కించడానికి నయా రాయపూర్ వెళ్ళాను. ఆ ఊరి రోడ్లు ఎంత వెడల్పంటే, ఈ పక్క నిలబడి ఆ పక్కవాణ్ణి పిలిస్తే మన కేక చేరేసరికి వాడు రిటైరైపోయి ఉంటాడు. అంత రోడ్డు మీద ఒకే ఒక్క బస్సు. దాని నిండా ఫుట్‌బాల్ ఆడే ఆడపిల్లలు, నాగపూర్‌లో మ్యాచ్‌లకు బయల్దేరారు. మా అమ్మాయి సంచి ఎత్తబోతే నా నడుము కలుక్కుమంది. తెరిచి చూస్తే రెండు జతల బూట్లు. "రెండెందుకే?" అన్నాను. "ఒకటి ప్రాక్టీస్‌కి, ఒకటి మ్యాచ్‌కి నాన్నా. ఇత్‌నా తో చాహియే నా!" అని, ఆ మాత్రం ఉండాలి కదా అన్నట్టు నా అజ్ఞానానికి జాలిపడి బస్సెక్కేసింది. దాని వయసులో నాకు మా టీములో ఉన్నది ఒక జతలో సగం వాటా. ఆ సగమూ ఎప్పుడూ అవతలివాడి కాళ్ళకే ఉండేది.

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం పుట్టిన మరుసటి చలికాలం అది. రాష్ట్రానికింకా పాలపళ్ళు కూడా రాలేదు గాని, రాయపూర్ రైల్వే కాలనీ పక్కనున్న మా స్కూల్లో మాత్రం దాని పరువు బాధ్యత మొత్తం మా గేమ్స్ సారు భుజాన వేసుకున్నారు. సారు మీసాలు ఎలాంటివంటే, వాటి చివర్ల మీద చెరో కాకి వాలినా ఊగేవి కావు. ఆయన మా ప్రయాణానికి "ఇంటర్‌స్టేట్ టూర్" అని పేరుపెట్టి గుడ్డ మీద రాయించారు. విప్పి చెప్పాలంటే, విజయనగరం పాసెంజర్‌లో జనరల్ బోగీ ఎక్కి, దారిలో టిట్లాగఢ్‌లో ఒక మ్యాచ్, రాయగడలో ఒక మ్యాచ్ ఆడి, చివరికి విజయనగరంలో దిగి ఇంకొకటి ఆడటం. ఆ గుడ్డను బోగీ కిటికీకి కడితే, మహాసముంద్ దాటేలోపలే ఒక మేక అందులో "ఇంటర్" అన్నంతవరకూ నమిలేసింది. రైలు ఆగి ఉన్నప్పుడు మేక ఎక్కిందా, పరిగెత్తుతూ నమిలిందా అన్నది మా టీములో ఇప్పటికీ తేలలేదు. నేను రెండో పక్షం.

అసలు సంగతి బూట్లు. ఎవరో పాతకాలం రైల్వే ఆటగాళ్ళు వాడి వదిలేసిన బూట్లు మా స్కూలుకు ఒక రేకు ట్రంకులో వచ్చాయి. పదకొండు జతలే. ఆటగాళ్ళం పదిహేను మందిమి. కాన్వాసు బూట్లతో దిగితే జారిపడి రాష్ట్రం పరువు పోతుందని సారు సిద్ధాంతం. అందుకని మా టీములో ఎవరి బదులు ఎవరు దిగాలన్నది ఆటను బట్టి కాక పాదాన్ని బట్టి నిర్ణయమయ్యేది. ఒక సైజువాడు బయటికొస్తే అదే సైజువాడు లోపలికి. ఒకసారి ఈ చట్టం పక్కనపెట్టి, ఒక చిన్న పాదాల కుర్రాడికి పెద్ద బూట్లలో కాగితాలు కూరి దింపారు. వాడు గోలు వైపు తన్నిన తన్నుకు బూటు ముందు బయల్దేరింది, బంతి దాని వెనక. గోలీ ఎంతో చక్కగా ఎగిరి బూటును పట్టుకున్నాడు. బంతి లోపలికి పోయింది. అది గోలా కాదా అని రెండు స్కూళ్ళ హెడ్‌మాస్టర్లు మాట్లాడుకోవడం మానేశారు. అప్పట్నుంచీ సైజు మారితే సారు ఊరుకునేవారు కాదు.

నాది ఏడు. ఏడు ఇంకెవరిదీ కాదు, మా కెప్టెన్ ఒక్కడిదే. అతను బీర్‌గావ్ నుంచి వచ్చేవాడు, వాళ్ళ నాన్న ఉర్లాలో ఇనుము కరిగించే ఫ్యాక్టరీలో పని. మాటలు తక్కువ, పరుగు ఎక్కువ. అతనికి అలుపొస్తేనే నాకు ఆట. అందుకని అతని ఆరోగ్యం మీద నాకున్నంత కుతూహలం వాళ్ళమ్మకు కూడా ఉండి ఉండదు. పొద్దున్న తుమ్మాడా? మెట్లెక్కుతూ మోకాలు పట్టుకున్నాడా? రాత్రి నీళ్ళు పోసిన అన్నం, అదే వాళ్ళ బోరే బాసీ, మా ఇళ్ళలో చద్దన్నం, ఉల్లిపాయ కొరుక్కుంటూ తింటాడు, అది కడుపుకు పడిందా? అన్నీ పడేవి. రాళ్ళు పెట్టినా పడేటట్టున్నాడు. టిట్లాగఢ్‌లో చలిగాలి వీస్తే నా ఆశలు చిగురించాయి. అతను రెండు గోల్స్ కొట్టి, చొక్కా విప్పి కూర్చున్నాడు. రాయగడలో మ్యాచ్ ఓడిపోయాం. అయినా అతను చివరి విజిల్ దాకా ఆగలేదు. రెండు మ్యాచ్‌లూ నేను ట్రంకు మీద కూర్చుని, దానికి కాపలా కాశాను. ఖాళీ ట్రంకును అంత నిజాయితీగా కాపలా కాసినవాడు చరిత్రలో ఇంకొకడు లేడు.

ఇంతవరకూ బాధేమీ లేదు. విజయనగరమే గండం. అక్కడ మా మేనమామ జూట్ మిల్లులో పనిచేసేవాడు. ఉన్నదాన్ని పెంచి చెప్పడం మా అమ్మ పుట్టింటి విద్య, నాకు పాలతోనే వచ్చింది. అమ్మ ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసి, "టీమంతా వీడి మీదే నిలబడుందిరా తమ్ముడూ" అంది. మావయ్య ఆ మాటకు తన వంతు కలిపి మిల్లంతా చెప్పుకున్నాడు. మేం రైలు దిగేసరికి ప్లాట్‌ఫారం మీద పాతికమంది మిల్లు మనుషులు, మా అత్త చేతిలో క్యారియరు, మావయ్య చేతిలో నా మోకాళ్ళ దాకా వచ్చే బంతిపూల దండ. అది నా మెడలో పడింది. పక్కనే నిలబడ్డ కెప్టెన్‌ను చూపించి "ఈ గుంటడు నీ సంచి మోస్తాడేట్రా?" అని మావయ్య నన్నడిగాడు. రాయపూర్‌లో మమ్మల్ని "ఆంధ్రావాలే" అనేవాళ్ళు. అక్కడ దిగీదిగగానే "హిందీ అల్లుడు" అయ్యాను. నా టీమువాళ్ళు నవ్వుతూ ట్రంకు కింద పడేశారు.

మ్యాచ్ మొదలైంది. మేమొక గోలు, వాళ్ళొక గోలు. మిల్లు మనుషులు గట్టు మీద వరసగా కూర్చుని, బంతి ఎటుపోయినా నన్నే చూస్తున్నారు. మొదట్లో మావయ్య గొంతు ఊరంతా వినబడింది. "మావోడు ఆకర్లో దిగుతాడు, సూడండి. సింహం ముందే రాదు గదా!" అంటున్నాడు. కాసేపటికి ఒకడు, "ఏటి బావా, సింహం పెట్టిమీంచి లెగదేటి?" అన్నాడు. అందరూ నవ్వారు. మావయ్యా నవ్వాడుగాని, ఆ నవ్వు మూతి దగ్గరే ఆగిపోయింది.

హాఫ్‌టైములో ఎవరూ చూడకుండా నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "ఒరే, నిన్ను ఆడనియ్యరేట్రా? నిజం సెప్పు. ఆళ్ళకి నానేదో ఒకటి సెప్పుకుంటాను. కాలు బెణికిందని సెప్పీనా?" ఆయన్ను అంత చిన్నగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. బూట్ల సంగతి చెప్పాను. ఆయన కెప్టెన్ కాళ్ళ వైపూ, నా కాళ్ళ వైపూ మార్చి మార్చి చూసి, గట్టు మీదికి వెళ్ళిపోయాడు. ఈసారి మిల్లు మనుషుల మధ్య కాదు, ఒక చివర కూర్చున్నాడు. దూరం నుంచి ఇదంతా చూసిన కెప్టెన్ నా దగ్గరికొచ్చి, "కా కహత్ రహిస్?" అని తన ఛత్తీస్‌గఢీలో అడిగాడు, మీ మావయ్య ఏమన్నాడని. ఏమీ లేదన్నాను. అతను గట్టు వైపు చూస్తూ నిలబడ్డాడు.

ఆట మళ్ళీ మొదలయ్యాక మా ఎడమ పక్క కుర్రాడికి పిక్క పట్టేసింది. వాడి బూట్లు ఐదో సైజు. ఐదో సైజు రిజర్వు కుర్రాడు పొద్దున స్టేషన్ బయట మిరపకాయ బజ్జీలతో చేసిన సాహసం ఫలితంగా పొదల వెనక ఉన్నాడు. సారు మీసం నమలసాగారు. అప్పుడు కెప్టెన్ మైదానం మధ్యలో చతికిలబడి బూట్లు విప్పేసి, నా ఒళ్ళోకి విసిరి, "లే, పహిన్ లే" అన్నాడు, తొడుక్కోమని. తను మాత్రం బయటికి రాలేదు. వట్టి కాళ్ళతో లేచి నిలబడ్డాడు.

"స్టేట్ కా కెప్టెన్, నంగే పావ్!" అని సారు గుండె పట్టుకున్నారు. "బీర్‌గావ్ మా రోజ్ అయిసనే ఖేల్థన్, సర్" అన్నాడు కెప్టెన్. మా ఊళ్ళో రోజూ ఇలాగే ఆడతాం కదా అని. రిఫరీ కుదరదన్నాడు. అవతలి కెప్టెన్ మా వాడి పాదాలు చూసి, "ఆడనియ్యండి సార్, మాకేటి!" అన్నాడు. వట్టి కాళ్ళవాడు ఏం పరిగెత్తుతాడన్నది వాళ్ళ లెక్క.

నేను లోపలికి దిగాను. గట్టు మీద లేచిన కేకకు ఆ పక్కన మేసే గేదెలు తాళ్ళు తెంచుకున్నాయి. బూట్లు తడిగా, వెచ్చగా, అతని పాదం అచ్చుతో ఉన్నాయి. రెండడుగులు వేశానో లేదో, కుడి బొటనవేలి కింద ఏదో చురుక్కుమంది. బూటు అడుగు అరిగి అరిగి, స్టడ్డును బిగించిన మేకు లోపలికి పొడుచుకొచ్చింది. అడుగు వేస్తే తేలు కుట్టినట్టుంది. నేను కుంటసాగాను. "సూడండ్రా! దెబ్బ తగిలినా ఆడతన్నాడు మావోడు!" అని మావయ్య మళ్ళీ మధ్యకొచ్చి అరిచాడు.

అటు కెప్టెన్ ఆట చూడాలి. కట్టు విప్పిన దూడలా ఉన్నాడు. వింతేమిటంటే, విజయనగరం కుర్రాళ్ళు ఒక్కడూ అతని దగ్గరికి పోవడంలేదు. మేకుల బూట్లతో ఆ వట్టి పాదాల మీద ఎక్కడ తొక్కుతామోనని, అతను రాగానే పెళ్ళిలో పెద్దమనిషికి దారి ఇచ్చినట్టు తప్పుకుంటున్నారు. మంచి పిల్లలు, పాపం. ఆ మంచితనంలోంచి అతను దూసుకొచ్చాడు. సరిగ్గా అప్పుడే నేను గోలీకి ఎదురుగా ఒంటికాలి మీద నిలబడి బూటు పట్టుకుని గెంతుతున్నాను. గోలీకి నేను తప్ప ఇంకేమీ కనబడలేదు. కెప్టెన్ తన్నిన బంతి గోలీ పక్కనుంచి లోపలికి పోయింది. గోలీ ముందు అలా అడ్డం నిలబడితే ఆఫ్‌సైడ్ అనేదొకటి ఉందని రిఫరీకి ఆ క్షణాన తోచలేదు. అడగనిదే చెప్పే అలవాటు నాకు లేదు. గెలిచాం. మిల్లు మనుషులు నన్ను భుజాల మీద ఎక్కించుకున్నారు. "అడ్డం నిలబడ్డాడు సూడు, దాన్నంటారు బుర్ర!" అని మావయ్య ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పాడు. ఆ సాయంత్రం మా అత్త వడ్డించిన చేపల పులుసులో సముద్రం ఎంత ఖాళీ అయ్యిందో జాలర్లే చెప్పాలి.

తిరుగు రైల్లో నా మేజోడులో రక్తం చూసుకుంటూ ఒకటే ఆలోచన. కెప్టెన్ నాకు బూట్లెందుకు ఇచ్చాడు? ఒక మనిషి తక్కువయ్యాడనా? మేకు పీడ వదుల్చుకోవడానికా? ఎదుట కిటికీ దగ్గర అతను హాయిగా నిద్రపోతున్నాడు. లేపి అడగొచ్చు. మేకు వల్లేనని చెప్పేస్తాడేమోనని అడగలేదు. స్కూలైపోయింది, ఎవరి దారి వాళ్ళది. ఆ ప్రశ్న మాత్రం నాతోపాటే ఉద్యోగంలో చేరింది, పెళ్ళి చేసుకుంది, బట్టతల తెచ్చుకుంది.

కొన్నేళ్ళ క్రితం పని మీద బీర్‌గావ్ వెళ్తే, ఫ్యాక్టరీ గేటు ఎదుట టీ కొట్టు దగ్గర అతనే. నా ముఖం కాదు, నా చెప్పుల సైజు చూసి గుర్తుపట్టాడని నా అనుమానం. రెండు గ్లాసులు టీ అయ్యాక, దాచుకున్నదంతా బయటపెట్టి మేకు గురించి అడిగేశాను. "ఖీలా? కోన్ ఖీలా?" అన్నాడు. ఏ మేకు? అతనికి మేకన్నది గుర్తే లేదు. ఆ రోజు ఎవరు గెలిచారో కూడా నన్నే అడిగాడు. తర్వాత, "తోర్ మమా బనే హే?" అన్నాడు, మీ మావయ్య బాగున్నాడా అని. పోయాడని చెప్పాను. గ్లాసు కింద పెట్టాడు. "ఓ దిన్ ఓకర్ ముహ్ ఉతర్ గే రహిస్," అన్నాడు. "దేఖే నయీ గిస్." ఆ రోజు ఆయన ముఖం వాడిపోయింది, చూడలేకపోయాను అని.

తెలుగు ఒక్క ముక్క రానివాడు, గట్టు మీద దూరంగా కూర్చున్న ఒక ముఖాన్ని అంత దూరం నుంచి చదివాడు. నేను పక్కనే ఉండి, ఇన్నేళ్ళూ ఒక మేకును దాచుకున్నాను. కాలం ఒక మధ్యాహ్నాన్ని అందరికీ సమానంగానే పంచుతుంది కాబోలు. అందులోంచి ఎవరేం తీసి దాచుకుంటారో మాత్రం దానికీ తెలియదు.