డ్రైవర్ దిగిపోయిండు

బొల్లారం దారిలో రైల్వే గేటు పడింది. ఆటో ఆగింది. చొక్కా జేబులోంచి ఒక నిమ్మాకు తీసి వేళ్ల మధ్య నలిపాను. ఆ వాసన ముక్కుకు తగలగానే మేరీ సుగుణ మేడం గుర్తొచ్చారు. అసలు నా జేబులో నిమ్మాకు ఉండటమే ఆవిడ వల్ల. ఇంకా బండి కనిపించలేదు కానీ దూరంగా హారన్ మోగింది. నా కుడిచెయ్యి వెళ్లి ఆటో కమ్మీని గట్టిగా పట్టుకుంది. పట్టుకోమని నేను చెప్పలేదు. అలాంటి వేళల్లో నాకు మాట్లాడటం అలవాటు. నోరు ఆడుతున్నంతసేపూ చేతి సంగతి ఎవరూ చూడరు.

"గీ జంటనగరాలల్ల మనసుకు వైద్యం జేసేటోళ్లు ఉన్నరు గద, వాళ్లల్ల సగం మందికి ట్రైనింగ్ ఇచ్చింది నేనే" అన్నాను ఆటోవాలాతో. అతను అద్దంలోంచి నన్ను పైనుంచి కిందికి చూసి, డాక్టరా సార్ అని అడిగాడు. డాక్టర్లకు డాక్టర్‌నన్నాను. చిన్నప్పటినుంచి దెబ్బలు తిని మనసు చెదిరిపోయినవాళ్లను ఎలా బాగుచెయ్యాలో పెద్దపెద్ద చదువులవాళ్లు నా దగ్గరికొచ్చి నేర్చుకున్నారన్నాను. అతను ఇంజిన్ ఆపి పూర్తిగా వెనక్కి తిరిగాడు. అతని తమ్ముడు ఉన్నాడట. పిలిస్తే పలకడట. పళ్లెం ముందు కూర్చుని గంటలకొద్దీ గోడ చూస్తుంటాడట. "మీరొక్కసారి సూస్తరా సార్? ఎంత పరేషానున్నమో మీకు ఎర్కలే" అన్నాడు. గేటు ముందు ఊరికే కోసిన కోతను ఒక మనిషి రెండు చేతులా పట్టుకున్నాడు. అసలు విషయం చెప్పేశాను: నేను డాక్టర్‌ను కాను, నీ తమ్ముణ్ణి చూడాల్సిన అమ్మాయి వేరే ఉంది, ఇప్పుడు వెళ్తున్నది ఆమె దగ్గరికే, నన్ను దింపేటప్పుడు నువ్వే స్వయంగా మాట్లాడు. అతనికి కోపం రాలేదు. అదే నాకు ఎక్కువ సిగ్గనిపించింది.

నిజం ఇది. నేను రైలు ఇంజిన్ నడిపి రిటైరైన మనిషిని. మౌలాలి రైల్వే కాలనీ పక్కన కాపురం. తిరుమలగిరిలో ఒక చర్చి వెనక హాల్లో మేరీ సుగుణ మేడం మానసిక వైద్యం చేయబోయేవాళ్లకు శిక్షణ ఇచ్చేవారు. వాళ్లు నేర్చుకోవడానికి ఎదురుగా ఒక రోగి ఉండాలి కదా. ఆ రోగి కుర్చీలో కూర్చుని నటించడం నా పని. నేర్పింది ఆవిడ. నేను కూర్చున్నాను, అంతే.

కాలనీలో దసరాకు వేసే నాటకాల్లో రాజు వేషాలన్నీ నావే. అది విని మేడం పిలిపించారు. ఆవిడది తెనాలి వైపు. నాన్నగారికి మిషన్ బడిలో ఉద్యోగం వచ్చి చిన్నప్పుడే సికింద్రాబాద్ చేరారు, మాట మాత్రం అక్కడిదే మిగిలింది. సన్నగా, నేత చీరలో, ఎదుటివాళ్లు ముందుకు వంగితే తప్ప వినపడనంత మెల్లగా మాట్లాడేవారు. అప్పటిదాకా విద్యార్థులు ఒకరినొకరు కూర్చోబెట్టుకుని ఇంగ్లీషులో సాధన చేసేవారట. "ఇంగ్లీషులో ఏడ్చేవాళ్లు ఎంతమంది వస్తారండీ మన దగ్గరికి?" అన్నారు నాతో. నాకు ఏడుపు వచ్చా అని అడిగారు. ఎసుంటి ఏడుపు గావాలె మేడం అని, నాకు వచ్చిన రకాలన్నీ ఏడ్చి చూపించాను. చివరిదాకా ఓపికగా చూసి టీ చేతికిచ్చారు. "ఇవన్నీ నలుగురూ చూడాలని ఏడ్చే ఏడుపులు. ఎవరూ చూడకూడదని ఏడ్చేది వచ్చా?"

రాదన్నాను. అయినా పనిలో పెట్టుకున్నారు.

ఆవిడ క్లాసులో నేను విన్నదంతా నాకు అర్థమైన మేరకు చెబుతాను. ఒకసారి తగిలిన దెబ్బ వేరు. కాపాడాల్సినవాళ్ల చేతుల్లోనే ఏళ్ల తరబడి తగిలిన దెబ్బలు వేరు. అలాంటి పిల్లకు పారిపోవడానికి దారి ఉండదు. ఒళ్లు అక్కడే ఉండిపోతుంది, మనసొక్కటే లేచి వెళ్లిపోతుంది. పెద్దయ్యాక కూడా, ఏ చిన్న వాసనో చప్పుడో తగిలితే చాలు, మళ్లీ వెళ్లిపోతుంది. మనిషి ఎదురుగా కూర్చునే ఉంటాడు, మాట్లాడతాడు, తల ఊపుతాడు, కానీ ఉండడు. దానికి ఇంగ్లీషులో ఒక పేరుంది, తెలుగులో ఏమనాలో ఎవరికీ తోచలేదు. నేను కుర్చీలోంచే అన్నాను, "ఇంజన్ నడుస్తనే ఉన్నది మేడం, డ్రైవర్ దిగిపోయిండు." క్లాసంతా నవ్వింది. ఆవిడ నవ్వకుండా ఆ మాట బోర్డు మీద రాశారు. ఆనాటి నుంచి ఆ హాల్లో అదే మాట. దేశమంతా డాక్టర్లు నా మాటే వాడుతున్నారని కాలనీలో చాలాకాలం చెప్పుకున్నాను. ఆ హాలు దాటి అది ఎక్కడికీ వెళ్లలేదు.

మేడం పద్ధతిలో నాకు గిట్టనిది ఒకటుండేది. కథకు తొందర లేదనేవారు. విద్యార్థి కూర్చోగానే ఏం జరిగింది, ఎవరు కొట్టారు అని మొదలుపెడితే ఆపేసేవారు. ముందు ఆ మనిషికి ఈ గదిలో ఉండటం నేర్పండి, కాళ్ల కింద నేల తెలియనివ్వండి, కథ ఎక్కడికీ పోదు అనేవారు. నా దగ్గరేమో ఇంటినుంచి అల్లుకొచ్చిన కథలు నోటిదాకా వచ్చి ఆగేవి. ఒకరోజు ఆగలేకపోయాను. బెల్టుతో కొట్టే మేనమామ, చీకటి కొట్టు, అందులో పాము, అన్నీ పెట్టి చెప్పాను. ఇద్దరమ్మాయిలు కళ్లు తుడుచుకున్నారు. మేడం నా వైపు చూసి, "కథ చాలా బాగుందండీ నర్సింగరావు గారూ, అందుకే పనికిరాదు" అన్నారు. "నిజంగా పడినవాళ్లు ఇంత బాగా చెప్పలేరు. ముక్కలు ముక్కలుగా వస్తుంది. వరస తప్పుతుంది. చెప్పిందే చెబుతారు." నాకు ఒళ్లు మండింది. పాము దగ్గర ఎంత కష్టపడ్డానో ఆవిడకేం తెలుసు అనుకున్నాను.

కుర్చీ దిగడానికి కూడా ఒక పద్ధతి పెట్టారు. చర్చి కుళాయి పక్కనున్న నిమ్మచెట్టు ఆకులు ఒక స్టీలు డబ్బాలో తెచ్చేవారు. నటన అయిపోగానే ఒక ఆకు నలిపి వాసన చూడాలి, నా సొంత పేరు చెప్పాలి, ఎక్కడున్నానో చెప్పాలి, పొద్దున ఏం తిన్నానో చెప్పాలి. తిండి దగ్గర నేను రోజూ ఏదో ఒక గొప్ప వంటకం పేరు చెప్పేవాణ్ణి. ఒకసారి పొద్దున్నే బిర్యానీ తిన్నానన్నాను. మేడం అక్కడికక్కడే మా ఆవిడకు ఫోన్ చేసి కనుక్కున్నారు. "ఉప్మా అట కదండీ" అన్నారు. "కుర్చీలో ఉన్నంతసేపూ ఎన్ని అబద్ధాలైనా ఆడండి, అది మీ పని. దిగేటప్పుడు మాత్రం నిజం చెప్పాలి. లేకపోతే మీరు దిగారో లేదో నాకెలా తెలుస్తుంది?"

ఇక అసలు సంగతి జరిగిన రోజు. వాన పడుతోంది. స్రవంతి అని కొత్తగా చేరిన అమ్మాయి నా ఎదుట కూర్చుంది. నాకంటే ఆమే ఎక్కువ భయపడుతోంది. నేను తండ్రి చేతిలో దెబ్బలు తిని పెరిగిన మనిషిగా నటించాలి. మేడం నేర్పినట్టే ఆ పిల్ల కథ జోలికి పోలేదు. మెల్లగా ఒకటే అడిగింది, "ఇది చెప్తుంటే మీ చేతులు ఏం చేస్తున్నయ్ సార్?" నేను కిందికి చూసుకున్నాను. కుడిచెయ్యి కుర్చీ కొయ్యను పిడికిట్లో పట్టుకుని తోస్తోంది. నేను ఇంజిన్‌లో బ్రేకు అలాగే తోసేవాణ్ణి. ఆ తర్వాతిది నాకు సగమే గుర్తుంది. మిగతా సగం వాళ్లు చెప్పింది.

"డ్రైవర్ బ్రేక్ ఏసిండు" అన్నానట. క్లాసులో నవ్వులు. డ్రైవర్ అన్నది వాళ్లకు నా పాత జోకు కదా. మళ్లీ అన్నానట, "డ్రైవర్ బ్రేక్ ఏసిండు. బండి ఆగలే. మ్యాక దాటింది." కాసేపాగి మళ్లీ, "మ్యాక దాటింది." ఈయన బాగా నటిస్తున్నాడనుకుని స్రవంతి తర్వాతి ప్రశ్న కోసం వెతుక్కుంటోంది. వెనక వరసలోంచి మేడం లేచారు. అంత మెల్లని మనిషి గొంతు పెంచడం వాళ్లు అప్పుడే విన్నారట. "ఆపండి. ఈయన నటించడం లేదు."

నాకు గుర్తున్నది వాసన. ఆవిడ నన్ను తాకలేదు. ఆకు చేతిలో పెట్టనా అని అడిగారు, నేను పలకకపోతే నలిపి కుర్చీ చేతి మీద ఉంచారు. "నేను సుగుణను. ఇది తిరుమలగిరి. బయట వాన పడుతోంది. మీరు బండిలో లేరు, కుర్చీలో ఉన్నారు" అని, తొందర లేకుండా, మళ్లీ మళ్లీ చెప్పారు. ఆ గొంతు ఎక్కడో ప్లాట్‌ఫారం చివరినుంచి వస్తున్నట్టుంది. పొద్దున ఏం తిన్నారని అడిగారు. నాకు తెలియలేదు. జీవితంలో మొదటిసారి నాకు చెప్పడానికి అబద్ధం కూడా దొరకలేదు. ఎంతసేపటికో జొన్నరొట్టె అన్నాను.

ఎలా గుర్తుపట్టారని ఎవరో అడిగారు. ఆవిడ నన్ను చూస్తూనే జవాబు చెప్పారు: ఈయన ఇన్నాళ్లూ నేను, నేను అంటూ ఎన్ని కథలు చెప్పారు, ఈరోజు 'నేను' అన్న మాటే లేదు, పైగా కథ బాగాలేదు. ఆ మేక సంగతేమిటని ఇంకొకరు అడగబోతే చెయ్యెత్తి ఆపేశారు. "అది మనది కాదు. ఆ డ్రైవర్ గారికి ఎప్పుడు ఇష్టమైతే అప్పుడు 'నేను' అంటారు. మీలో ఎవరూ ఆ మాట ఆయన నోట్లో పెట్టకండి."

స్రవంతి తలుపు దగ్గర సంచీ భుజాన వేసుకుని నిలబడింది. రేపటినుంచి రానని, సార్‌ను తనే అట్ల చేసిందని ఏడ్చింది. మేడం ఆమెను ఓదార్చలేదు. "నువ్వడిగింది సరైన ప్రశ్నే. సరైన ప్రశ్నకు ఇలాంటి జవాబులే వస్తాయి. వచ్చినప్పుడు గదిలో ఉండటమే మన పని. భయం ఇంటికెళ్లి పడు, ఇప్పుడు వచ్చి కూర్చో" అన్నారు. ఆ పిల్ల వచ్చి కూర్చుంది. ఇప్పుడు ఆ హాల్లో క్లాసు నడుపుతున్నది ఆమే.

నన్ను మాత్రం కుర్చీ ఎక్కనివ్వలేదు. మీరు నాతో పనిచేసే మనిషి, మీకు నేను వైద్యం చెయ్యకూడదని చెప్పి, తెలిసిన ఇంకొక డాక్టరమ్మ దగ్గరికి పంపారు. నాకు ప్రమోషన్ వచ్చిందని కాలనీలో చెప్పాను. ఆ డాక్టరమ్మ క్లినిక్ మెట్లెక్కేటప్పుడు ప్రతిసారీ కాళ్లు వెనక్కి లాగేవి. లోపల ఏం బయటపడుతుందోనని కాదు, బయటపడ్డాక నేను చెప్పుకోవడానికి ఏం మిగులుతుందోనని భయం. మేడం మాత్రం ఎప్పుడు కలిసినా ఆ సంగతి ఎత్తేవారు కాదు. "ఇవాళ ఏం తిన్నారండీ?" అని మాత్రం అడిగేవారు. చాలాకాలానికి మళ్లీ కుర్చీ ఇచ్చారు. పోయిన వానాకాలంలో ఆవిడ వెళ్లిపోయారు. చివరి రోజుల్లో చూడటానికి వెళ్తే, మాట కష్టమవుతున్నా, అదే ప్రశ్న అడిగారు. నిజం చెప్పాను.

గేటు ముందు బండి వచ్చి పోయింది. పెట్టెలన్నీ దాటేదాకా నిమ్మాకు ముక్కు దగ్గరే పెట్టుకున్నాను. హాలు దగ్గర నన్ను దింపాక ఆటోవాలా స్రవంతితో మాట్లాడాడు, తమ్ముణ్ణి తీసుకొస్తానన్నాడు. మేడం గురించి కొత్త బ్యాచ్‌కు చెప్పమని ఆమె నన్ను ఆ పాత కుర్చీలోనే కూర్చోబెట్టింది. చెప్పాను. మేడం చలవ వల్ల నేనిప్పుడు బాగైపోయాను. ఆనాటి సంగతి ఎవరి ముందైనా నిబ్బరంగా చెప్పగలను. ఇదిగో, మీకూ చెబుతాను. ఎండాకాలం మధ్యాహ్నం. పట్టాలు వంపు తిరిగే చోటు. ఒక ముసలామె మేక తాడు పట్టుకుని దాని వెనకే పట్టాలు దాటుతోంది. డ్రైవర్ హారన్ కొట్టాడు. డ్రైవర్ బ్రేకు వేశాడు, తోసి పట్టుకునే ఉన్నాడు. బండి ఆగలేదు. మేక దాటింది. ఆమె దాటలేదు, చేతిలో తాడు అలాగే ఉంది. అంతే. చెప్పేశాను. చెయ్యి దేన్నీ తొయ్యలేదు.

ఇదంతా రాసి మా ఆవిడకిచ్చాను. వంటింటి గడపలో కూర్చుని, కళ్లజోడు సవరించుకుంటూ, పెదవులు కదిలిస్తూ చివరిదాకా చదివింది. బాగుందా అని అడిగాను.

"ఆనాడు జొన్నరొట్టె గాదు, సద్దిబువ్వ తిని పోయినవ్" అంది. తర్వాత చివరి పేజీ నా వైపు తిప్పి, వేలు పెట్టి చూపించింది.

"గీడ సూడు. మళ్ల డ్రైవర్ అని రాసినవ్. బండి నడిపింది నువ్వు."