హెరన్ దీవి తలకిందుల మాట

చెసపీక్ అఖాతంలోని హెరన్ దీవిలో ఎల్వా డైజ్‌ను అందగత్తె అని ఎవరూ అనలేదు. పెళ్లినాడు చర్చి మెట్లమీద ఊరంతా ఆమెను చూసి, "అబ్బ, ఎంత అనాకారిగా ఉందో!" అని మురిసిపోయింది. ఎల్వా సిగ్గుతో తల వంచుకొంది. లక్షణకారులు వ్యాజస్తుతి అని పేరుపెట్టి ఒక్క అలంకారంతో సరిపెట్టిన విద్యను ఆ దీవివారు నిత్యవ్యవహారంలో పెట్టుకొన్నారు. మెచ్చదలిస్తే తిడతారు, తిట్టదలిస్తే మెచ్చుతారు. ఏది ఏదో తెలిపే విభక్తి ప్రత్యయం వారి కనుబొమల్లో ఉంటుంది.

ఆ విద్యలో ఎల్వాను మించినవారు లేరు. పీతల మాంసం ఒలిచే పాకలో ఆమె నోరు విప్పితే తోటి స్త్రీల చేతుల్లో కత్తులు ఆగిపోయేవి. అందుకే శాసనసభ నియోజకవర్గాల సరిహద్దు గీతలను తిరిగి గీసే సంఘం దీవికి వచ్చినప్పుడు, ఊరి తరఫున మాట్లాడే పని ఆమెకే అప్పగించారు.

విషయం చిన్నది కాదు. కొత్త గీత దీవిని పక్కనున్న తూర్పు ఒడ్డునుంచి తెంచి, అఖాతానికి అవతల ఎక్కడో ఉన్న పట్నంతో ముడిపెట్టింది. పడవల కాలువలో ఏటా పూడిక తీయించేది తూర్పు ఒడ్డు శాసనసభ్యుడే. ఆయన పరాయివాడైతే కాలువ పూడుతుంది. కాలువ పూడితే పీతల వేట లేదు. వేట లేకపోతే ఊరే లేదు.

చర్చి హాలులో ఎల్వా లేచి నిలబడింది.

"ఆహా, ఏం గీత గీశారండీ! కళ్లకద్దుకోవాలి. ఆ పట్నం మాకు కూతవేటు దూరమేగా! మా కాలువ పూడిపోతోందంటే పట్నంవాళ్లకు తిండి సయించదు, పాపం!"

ఊరు పడీపడీ నవ్వింది. సంఘాధ్యక్షుడు విట్‌ఫీల్డ్ పొంగిపోయి ఆమెకు ధన్యవాదాలు చెప్పాడు.

వారం తిరగకుండా, టపా పడవ నడిపే మరిది హార్లన్ పత్రిక పట్టుకొచ్చాడు.

"వదినా, నీ చలవవల్ల కొంప నిలబడింది! కొత్త గీతకు దీవి ఏకకంఠంతో జేజేలు పలికిందట."

ఎల్వా చేతిలోని పీత జారిపోయింది.

చివరి విచారణ రాజధానిలో. దారి పొడవునా పడవలో సాధన సాగింది.

"అను వదినా, 'మీ గీత బాగాలేదు.'"

"మీ గీత బా... బ్రహ్మాండం."

"భేష్! ఎంత తిన్నని నాలుక!"

"నువ్వు ఆపకు నాయనా. నీ గొంతు వింటుంటే కోకిల కూసినట్టుంది."

సభలో ఆమె పేరు పిలిచారు. "మీ గీత..." అని ఆగిపోయింది. తిన్నగా మాట్లాడడమంటే ఆమెకు చిరిగిన గౌనుతో నలుగురిలో నిలుచున్నంత సిగ్గు.

"మాకు వద్దండీ," అంది చివరికి. "కాలువ పూడితే మా పడవలు కదలవు. ఊరు పోతుంది. నాకు... మా ఊరంటే ప్రాణం."

హార్లన్ తల దించుకొన్నాడు. వారి వంశంలో అంత మాట ఎవరూ పైకి అని ఎరుగరు.

"మొన్న మెచ్చుకొన్నారు కదమ్మా?" అన్నాడు విట్‌ఫీల్డ్.

"మెచ్చుకోలేదండీ. తిట్టాను."

"మరి మీవాళ్లు నవ్వారేం?"

"బాగా తిట్టానండీ."

నెల గడిచాక విట్‌ఫీల్డే టపా పడవ దిగి, తిన్నగా ఆమె ఇంటికి వచ్చాడు. నిర్ణయమేమిటో అడిగే ధైర్యం చాలక ఎల్వా ముందుగా పొరల కేకు కోసి పెట్టింది. ఆయన నోట పెట్టుకొని మొహం చిట్లించాడు.

"ఇంత దిక్కుమాలిన కేకు నేను పుట్టి ఎరుగను. ఇక మీ దీవి సంగతంటారా? తూర్పు ఒడ్డుకు తిరిగి కలపడం కల్ల!"

 ఎల్వా ఆయన కనుబొమలకేసి చూసింది. పట్నపు కనుబొమలు, వాటికి వ్యాకరణం లేదు. అప్పుడు చూపు పళ్లెంమీద పడింది. పొడి కూడా మిగల్లేదు. ఆ పళ్లెమే ఆయన ఆమె ముందుకు చాపుతున్నాడు.

"దయచేసి ఇంకో ముక్క పెట్టకండి."

ఎల్వా అరచేతంత ముక్క కోసి వడ్డించింది.

"మీకు మాట్లాడడం బొత్తిగా చేతకాదండీ," అంది, కళ్లు తుడుచుకొంటూ.