మొక్కలామె బతికిన ఐదు ఆదివారాలు

నాకు కోపం ఎక్కువ. "ఈ పిల్లకి కోపం ముక్కు మీదే కాదప్పా, మోచేతి మీద గూడా ఉండాది" అనేవాడు మా నాయన. ఆ కోపంతో చాలా పోగొట్టుకున్నాను. వాటిలో ఒక్కదాన్ని తలుచుకుంటేనే ఇప్పటికీ ఏడుపొస్తుంది. అది చెప్పాలంటే ముందు ఒక ఇంగ్లీషు సీరియల్ గురించి చెప్పాలి. నవ్వకండి.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్త. తిరుపతిలో ఎమ్మెస్సీ చదువుతూ ఆడపిల్లల హాస్టల్లో ఉండేదాన్ని. హాస్టల్ మొత్తానికి ఒకటే టీవీ. మామూలు రోజుల్లో రిమోట్ సీనియర్ల చేతుల్లోంచి మా చేతికి రావడమంటే బ్రహ్మోత్సవాల్లో ముందు వరస దొరికినట్టే. ఆదివారం పొద్దున పదింటికి మాత్రం టీవీ గది ఖాళీగా ఉండేది. సగం మంది తలంట్లు పోసుకుంటూ ఉండేవాళ్ళు, సగం మంది తిరుచానూరు అమ్మవారి గుడికి పోయుండేవాళ్ళు. అప్పుడు నేనూ నా రూమ్మేటూ కారం బొరుగుల పొట్లం మధ్యలో పెట్టుకుని ఆ సీరియల్ చూసేవాళ్ళం.

అంతరిక్షంలో ఒక పెద్ద నౌక. భూమి పాడైపోతే అందులో ఉన్నవాళ్ళు కొత్త చోటు వెతుక్కుంటూ పోతుంటారు. ఆ ఇంగ్లీషు నాకు సగం అర్థమయ్యేది, ఆమెకు పావు. నాకర్థమైన సగం ఆమెకు తెలుగులో చెప్పేదాన్ని. అర్థంకాని సగం కూడా చెప్పేదాన్ని, సొంతంగా.

ఆ నౌకలో ఒకామె ఇంజన్లు బాగుచేసేది. ఇంకొకామె అద్దాల గదిలో మొక్కలు పెంచేది. వాళ్ళ పేర్లు మాకు నోరు తిరిగేవి కావు కాబట్టి ఇంజనామె, మొక్కలామె అనుకునేవాళ్ళం. ఒక ఆదివారం ఇంజనామె చేతులనిండా గ్రీజుతో వచ్చి అద్దాల గదిలో కూలబడింది. మొక్కలామె ఏమీ మాట్లాడకుండా తడిగుడ్డతో ఆమె వేళ్ళు ఒక్కొక్కటే తుడిచింది. ఆఖరి వేలు తుడిచాక కూడా చెయ్యి వదల్లేదు. అంతే. వెనక పాట లేదు, పూలు ఊగలేదు. నా పక్కన బొరుగులు నమలడం ఆగిపోయింది.

"ఇద్దరూ ఆడోళ్ళే గదా మే?" అంది.

"ఆ."

టీవీ మీంచి చూపు తిప్పకుండానే, "బాగుండారు," అంది.

ఆ ఒక్క మాట పట్టుకుని ఎన్ని వారాలు బతికానో! ఆమె మీద నాకున్నది ప్రేమేనని అప్పటికి నాకు తెలుసు. నాలాంటివాళ్ళను తెలుగులో ఏమంటారో తెలియదు, ఇంగ్లీషులో ఉన్న మాట బూతులాగా వినిపించేది. ఆమె కిటికీ దగ్గర తడి జుట్టు ఆరబెట్టుకుంటుంటే నేను పుస్తకంలో ఒకే పేజీని గంటసేపు పట్టుకుని కూర్చునేదాన్ని. చదువు అయిపోయాక ఇద్దరం తిరుపతిలోనే ఏదో ఒక ఉద్యోగం చూసుకుని, ఒక గది తీసుకుని కలిసి ఉందామా అని ఆమెను అడగాలి. ఎన్నిసార్లు అనుకున్నా ఆ ఒక్క ప్రశ్న అడగడానికి నోరు రాలేదు.

ఇంతలో ఆమె కాలు విరిగింది. "రా మే, మొదలైంది!" అని కిందనుంచి అరిచింది నేనే. తడి మెట్ల మీద పరుగెత్తుకొస్తూ జారిపడింది. మా పక్క ఎముక విరిగితే ఆసుపత్రి కంటే ముందు పుత్తూరు గుర్తొస్తుంది. ఆమె చిన్నమ్మ ఇల్లు కూడా ఆ ఊళ్ళోనే. ఆకు పసరు, కోడిగుడ్డు సొన పూసి, వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టి, కదలొద్దన్నారు. చిన్నమ్మ ఇంట్లో టీవీ ఉంది కానీ కేబుల్ లేదు.

దాంతో నాకొక పని పడింది. ఆదివారం సీరియల్ చూడటం, బస్టాండుకు పరుగెత్తడం, మధ్యాహ్నానికి పుత్తూరులో ఆమె మంచం పక్కన కూర్చుని ఆ వారం కథ చెప్పడం. చిన్నమ్మ కూడా నానబెట్టిన అనపగింజలు ముందేసుకుని, ఒక్కొక్కటే పితుకుతూ వినేది. పప్పు ఒక గిన్నెలో వేసేది, తొక్క ఒక గిన్నెలో, సందేహాలు నా మీద.

"ఆ మొక్కలామెకి పెండ్లి గాలేదా?"

"లేదు చిన్నమ్మా."

"యాడ అవుతాది, అంత పైన ఉంటే! సంబంధాలోళ్ళు యాడికని పోతారు?"

నా రూమ్మేటు కట్టున్న కాలు పట్టుకుని నవ్వేది. "నవ్విచ్చగాకు చిన్నమ్మా, కాలు నొస్తాది."

నేను పుత్తూరుకు తిరగడం మొదలుపెట్టిన మూడో ఆదివారం, సీరియల్ వాళ్ళు మొక్కలామెను చంపేశారు.

ప్రకటనలకు ముందు ఇద్దరూ ముద్దు పెట్టుకున్నారు, మొదటిసారి. ఇంజనామె తన పెట్టె తెచ్చి మొక్కలామె గదిలో పెట్టుకుంది. ఇకమీదట ఇద్దరిదీ ఒకటే గది. టీవీ ముందు ఒక్కదాన్నే ఉన్నా, లేచి వెళ్ళి తలుపు గడియ పెట్టి వచ్చాను. సబ్బు ప్రకటన అయింది, స్కూటర్ ప్రకటన అయింది. మళ్ళీ సీరియల్ వచ్చేసరికి ఏదో గొట్టం పగిలి మొక్కలామె నేల మీద పడి ఉంది. ఐదు నిమిషాలు కూడా కాపురం చేయనివ్వలేదు పాపిష్టోళ్ళు! కెప్టెన్ బతికాడు. నౌకను శత్రువులకు అమ్మేయబోయిన ద్రోహి బతికాడు. నెత్తిన కొమ్ములున్న పరాయి గ్రహం వాడికి కూడా చిన్న గాయమే. "ఈ కథ రాసినోడి సెయ్యి ఇరిగిపోను, పుత్తూరు కట్టుకి గూడా అతక్కుండా పోను!" అని టీవీని తిట్టాను.

తర్వాత్తర్వాత అట్లాంటి సీరియళ్ళు చాలా చూశాను. మగవాళ్ళిద్దరైనా ఆడవాళ్ళిద్దరైనా కాస్త దగ్గరకు రాగానే నాకు గుండెదడ మొదలవుతుంది. ఎవరో ఒకరు పోతారు. మిగిలినవాళ్ళు ఏడిస్తే అందరూ చుట్టూ చేరి ఎంతో మర్యాదగా ఓదారుస్తారు. ఎన్నో వందల ఏళ్ళ తర్వాతి కాలాన్ని ఊహిస్తారు, వెలుతురు కంటే వేగంగా పోయే ఓడల్ని ఊహిస్తారు, ఇద్దరు ఆడవాళ్ళు ముసలివాళ్ళయ్యేదాకా ఒక ఇంట్లో ఉండటం మాత్రం ఊహించలేరు. ఇప్పుడైతే ఇట్లా మాటల్లో చెప్పగలుగుతున్నాను. ఆ రోజు బస్సులో కూర్చుని ఏడ్చాను.

పుత్తూరులో దిగి, కొళాయి దగ్గర మొహం కడుక్కుని వెళ్ళాను. ఆమె దిండుకు ఆనుకుని నాకోసమే చూస్తోంది.

"ఏమైంది మే? సెప్పు, బిన్నా సెప్పు," అని తొందరపెట్టింది.

చచ్చిపోయిందని చెబితే, ఆ "బాగుండారు" అన్న మాట కూడా చచ్చిపోతుందని భయమేసింది.

"ఇద్దరూ ఒకే గదిలోకి మారినారు," అన్నాను.

"అబ్బా! ఆ తరవాత?"

"తరవాతేముంది, సుఖంగా ఉండారు."

అట్లా మొదలైంది. ఆపై ఆదివారాలు నేను సీరియల్ చూడనే లేదు. బస్సు కిటికీ పక్కన కూర్చుని కథ కట్టుకునేదాన్ని. నా కథలో మొక్కలామె నౌకలో టమోటాలు విరగకాయించి అందరికీ పంచింది. కనకాంబరాలు పూయించి ఇంజనామె జడలో పెట్టబోతే ఆమెకు జడే లేదు, మగ క్రాపు. చెవి మీద పెట్టింది. కూరలో ఉప్పు గురించి పోట్లాడుకుని ఒకపూట మాట్లాడుకోలేదు. "కాపరమన్నాక ఉంటాయిలే," అంది చిన్నమ్మ. చిన్నమ్మ నోటినుంచే ఆ మాట వచ్చేసరికి నాకు ఒళ్ళు పులకరించింది. మంచం మీదున్న ఆమె నావైపు చూసి, వెంటనే తల దించుకుని దుప్పటి అంచు సరిచేసుకుంది. కట్టు విప్పే రోజున అడిగేద్దామని నిశ్చయించుకున్నాను.

అబద్ధం మొదలుపెట్టిన ఐదో ఆదివారం వెళ్ళేసరికి ఇల్లు ఎప్పటికంటే నిశ్శబ్దంగా ఉంది. నేను గమనించలేదు. మొక్కలామెకు జ్వరమొస్తే ఇంజనామె టమోటా చారు కాచి తాగించిన కథ చేతులు తిప్పుతూ చెప్పుకుపోయాను. ఆమె అడ్డు రాకుండా మొత్తం విన్నది. అయ్యాక అడిగింది.

"కాణిపాకం సామి మీద ఒట్టు పెట్టు మే. మొక్కలామె బతికే ఉండాదా?"

మా జిల్లాలో ఆ మాట ఊరికే అనరు. కోర్టులో అలవోకగా అబద్ధమాడి వచ్చినవాడు కూడా కాణిపాకం వినాయకుడి ముందు ప్రమాణమంటే వెనక్కి తగ్గుతాడు. దేవుడంటే అంతంతమాత్రం నమ్మకమున్న నాకు కూడా నాలుక లేవలేదు.

"కథకి ఒట్లెందుకు మే!" అన్నాను.

చిన్నమ్మ గింజలు పితకడం ఆపింది. "ఈ పిల్లకి పొద్దుపోతాదని నిన్న కేబుల్ పెట్టిచ్చినాను," అంది, తప్పంతా తనదే అయినట్టు.

"పొద్దన సూసినా," అంది ఆమె. "ఇంజనామె ఒక్కతే ఉండాది. ఫోటో ముందర పెట్టుకోని మొక్కలకి నీళ్ళు పోస్తాంది. ఆమె ఎప్పుడు సచ్చిపోయింది?"

"నెలయింది."

"మరి నాకెందుకు అట్ల సెప్పినావు?"

చిన్నమ్మ గిన్నెలు తీసుకుని వంటింట్లోకి పోయింది. ఇంక దాచడానికేముంది?

"నాకు ఆమె బతకాలని ఉండాది," అన్నాను. "ఇద్దరాడోళ్ళు ఒక గదిలో ఉండొచ్చునని నువ్వు అనుకోవాల. నీ కట్టు ఇప్పినాక, సదువు అయిపోయినాక, మనం గూడా..."

ఆమెకు అర్థమైంది. కోప్పడలేదు, అసహ్యించుకోలేదు. నా చెయ్యి పట్టుకుంది. మెల్లగా అంది:

"ఆడ ఆకాశంలో అమ్మా నాయనా లేరు, ఇరుగూ పొరుగూ లేరు. ఆడనే బతకనీలేదే వాళ్ళని. తిరుపతిలో మనల్ని బతకనిస్తారా మే?"

ఇద్దరూ బతికిన కథ ఒక్కటి, ఒకే ఒక్కటి ఎక్కడైనా చూసి ఉంటే ఇదిగో అని చెప్పేదాన్ని. ఆ రాసినవాడి మీద ఉన్న కోపమంతా ఆమె మీదికి తిరిగింది. "నువ్వు పిరికిదానివి," అని చెయ్యి విదిలించుకుని లేచాను. వాకిట్లో చెప్పులేసుకుంటుంటే వెనకనుంచి పిలిచింది.

"వచ్చే ఆదివారం గూడా రా మే. నువ్వు సెప్పేదే బాగుండాది. ఒట్టు అడగన్లే."

నేను వెనక్కి తిరిగి చూడలేదు.

వారమంతా కోపం మోసుకు తిరిగాను. ఆదివారం వస్తే తలంటు పోసుకున్నాను, బట్టలుతుక్కున్నాను, తనే కబురు చేస్తుందిలే అని పడుకున్నాను. ఆ పైవారం ఉండబట్టలేక పరుగెత్తుకుపోతే చిన్నమ్మ ఒక్కతే ఉంది. కట్టు విప్పేశారట. వాళ్ళ నాయన వచ్చి ఊరికి తీసుకుపోయాడట, చదువు ఇంక చాలన్నాడట. ఊరికి మూడు ఉత్తరాలు రాశాను, ఒక్కదానికీ జవాబు రాలేదు.

నేను పరుగెత్తుకుపోయిన ఆ రోజు చిన్నమ్మ నాకు మజ్జిగ ఇచ్చి చెప్పింది. "పోయిన ఆదివారం పొద్దుగూకేదాకా సూసినాది పాపా నీకోసం. బస్సు సప్పుడైనప్పుడల్లా నన్ను వాకిట్లోకి పంపినాది. నీకేందో సెప్పల్లంట. నాతో అను, నేను సెప్తాలే అంటే, 'నీకు గాదు చిన్నమ్మా, ఆ పిల్లకే సెప్పల్ల' అనింది."

సరేనని చెప్పాలనుకుందో, వద్దని చెప్పాలనుకుందో, నాకు ఇప్పటికీ తెలియదు.